సాంకేతిక పరిచయం తక్కువగల మిత్రులతో ఫైళ్ల గోప్య వినిమయం: పరిశోధకులకు సులభ పద్ధతులు

వ్యాససంగ్రహం:
క్షేత్రపర్యటనలో సేకరించిన ధ్వనిముద్రణలు, రాతప్రతుల ఛాయాచిత్రాలు, అముద్రిత సిద్ధాంతగ్రంథ భాగాలు నేడు ఫైళ్ల రూపంలోనే చేతులు మారుతున్నాయి. వీటిని అందుకునే విశ్రాంత అధ్యాపకులు, కళాకారులు, వారి కుటుంబసభ్యులలో చాలామందికి ఫోను వాడకానికి మించిన సాంకేతిక పరిచయం ఉండదు. అటువంటి మిత్రులకు ఫైలును గోప్యంగా చేర్చే పద్ధతులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫైలును ఎవరు చదవగలరు, అందుకునేవారు ఎంత శ్రమపడాలి, పంపిన తరువాత ఏం మిగిలిపోతుంది అనే మూడు ప్రశ్నలు ఇందుకు కొలమానాలు. గోప్యతకు అవసరమైన శ్రమను పంపేవారే భరించే పద్ధతులు ఆచరణలో నిలుస్తాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గోప్యత, గుప్తీకరణ, ఫైళ్ల వినిమయం, క్షేత్రపరిశోధన, సమాచారదాత, పాస్‌వర్డ్, పీడీఎఫ్.

1. ప్రవేశిక:

ఒగ్గుకథ కళాకారుల జీవితాలపై పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థినిని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. ఆమె ఒక వృద్ధ కళాకారుని ఇంట్లో రెండు గంటలపాటు ధ్వనిముద్రణ చేసింది. మొదటి గంటన్నరలో ఆయన మల్లన్న కథ వినిపించాడు. చివరి అరగంటలో తన అప్పుల గురించి, అన్నదమ్ముల తగాదా గురించి, పక్క ఊరిలో తనకు జరిగిన అవమానం గురించి పేర్లతో సహా చెప్పుకున్నాడు. కథలోని ప్రాంతీయపదాల అర్థం తెలుసుకోవడానికి ఆమె ఆ ముద్రణను ఆ ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత అధ్యాపకునికి పంపవలసి వచ్చింది. ఆయనకున్నది ఒక స్మార్ట్‌ఫోను మాత్రమే.

ఇక్కడ తొందరలో చేసే పని ఒకటుంది. ఫైలును క్లౌడ్‌లో ఉంచి, 'లింకు ఉన్న ఎవరైనా' చూడవచ్చునని అమర్చి, ఆ లింకును వాట్సాప్‌లో పంపడం. అధ్యాపకుడు సదుద్దేశంతోనే దానిని మరో పండితునికి, ఆయన ఒక సాహిత్యబృందానికి పంపవచ్చు. అలా వారం తిరగకముందే కళాకారుని ఇంటిగుట్టు ఆయన ఊరికే చేరవచ్చు. ఇందులో ఎవరూ దొంగతనం చేయలేదు, ఏ వ్యవస్థనూ ఛేదించలేదు. అయినా నమ్మి చెప్పిన మాట బయటపడింది. ఆ ఇంటి గడప మళ్లీ తొక్కే అర్హతను ఆ పరిశోధకురాలే కాదు, ఆమె తరువాత ఆ ఊరికి వెళ్లే పరిశోధకులు కూడా కోల్పోతారు.

కనుక ఫైళ్ల వినిమయాన్ని సాంకేతికవిషయంగా మాత్రమే చూడడానికి వీలులేదు. అది పరిశోధననీతిలో భాగం.

2. పరిశీలనకు మూడు ప్రశ్నలు:

ఏ పద్ధతినైనా ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: పంపేవారు, అందుకునేవారు కాక ఈ ఫైలును ఇంకెవరు చదవగలరు? సాధారణ ఈమెయిల్‌లో ఉత్తరం దారిలో చాలావరకు రక్షణతోనే ప్రయాణిస్తుంది. అయితే చేరిన తరువాత మెయిల్‌సంస్థ సర్వర్‌లో ఆ సంస్థ తెరవగల రూపంలో ఉంటుంది. క్లౌడ్‌నిల్వ కూడా సాధారణంగా ఇటువంటిదే. ఆద్యంత గుప్తీకరణలో తాళంచెవులు ఇరుకొసలలోని పరికరాలలోనే ఉంటాయి కనుక మధ్యనున్న సంస్థ ఫైలును మోస్తుందే తప్ప చదవలేదు.

రెండవది: దీనిని తెరవడానికి అందుకునేవారు ఏం చేయాలి? కొత్త ఖాతా తెరవాలా, కొత్త యాప్ వేసుకోవాలా, లేక ఒక పాస్‌వర్డ్ కొడితే చాలునా?

మూడవది: పని ముగిసిన తరువాత ఏం మిగులుతుంది? మెయిల్‌పెట్టెలో ప్రతి, ఫోనులో ప్రతి, బ్యాకప్‌లో ప్రతి, ఎప్పటికీ పనిచేస్తూ ఉండే లింకు ఇవన్నీ మిగులుపాళ్లే.

ఈ మూడింటికీ ముందు మరొక ప్రశ్న ఉంది: పంపవలసింది ఎంత? పై ఉదాహరణలో అధ్యాపకునికి కావలసింది కథ మాత్రమే. చివరి అరగంటను వేరుచేసి, కథాభాగాన్ని మాత్రమే పంపితే సమస్యలో పెద్దభాగం అక్కడే తీరిపోతుంది. పంపని భాగానికి తాళంతో పనిలేదు.

3. గట్టి తాళం, తెరవలేని మిత్రుడు:

బలమైన గుప్తీకరణ సామాన్యులకు అందుబాటులోకి వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీ అనే సాధనాన్ని విడుదల చేశాడు. గణితపరంగా అది గట్టిదే. అయితే 1999లో అల్మా విటెన్, జె. డి. టైగర్ అనే పరిశోధకులు పీజీపీ 5.0ను పన్నెండుమంది చేత వాడించి చూశారు. ఈమెయిల్ వాడకం తెలిసినవారే అయినా, 90 నిమిషాల వ్యవధిలో వారిలో మూడోవంతు మంది మాత్రమే ఉత్తరాన్ని సరిగా సంతకం చేసి గుప్తీకరించగలిగారు. నాలుగోవంతు మంది రహస్యంగా ఉంచవలసిన ఉత్తరాన్ని పొరపాటున గుప్తీకరించకుండానే పంపివేశారు.

ఈ రెండవ ఫలితం ఎక్కువ ఆలోచింపజేస్తుంది. సాధనం కఠినమైనప్పుడు మనుషులు పనిని మానుకోవడంతో ఆగరు. రక్షణ ఉందనే భ్రమలో రక్షణలేని పని చేస్తారు. వయసు మీరిన మిత్రునికి కొత్త యాప్, కొత్త ఖాతా, తాళంచెవుల జత అంటూ వివరించబోతే ఆయన చివరకు 'మామూలుగా పంపించమ్మా' అంటారు. గోప్యత అక్కడితో ముగుస్తుంది. కనుక తాళం ఎంత గట్టిదన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో, మిత్రుడు దానిని తెరవగలడా అన్న ప్రశ్నకూ అంతే విలువ ఉంది.

4. ఆచరణలోని పద్ధతులు:

4.1. మిత్రుని ఫోనులో ఇప్పటికే ఉన్న సాధనం

తెలుగునాట చాలామంది ఫోన్లలో ఇప్పటికే ఉన్న వాట్సాప్ 2016 నుండి ఆద్యంత గుప్తీకరణతో పనిచేస్తోంది. అందుకునేవారు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. డాక్యుమెంట్ రూపంలో 2 జీబీ వరకు ఫైలును పంపవచ్చు.

ఈ పరిమితి క్షేత్రపరిశోధకులకు ముఖ్యమైనది. సీడీ నాణ్యతతో చేసిన స్టీరియో ధ్వనిముద్రణ కుదింపు లేకుండా గంటకు సుమారు 635 ఎంబీ ఉంటుంది. రెండు గంటల ముద్రణ 1.27 జీబీ అవుతుంది. జీమెయిల్ జోడింపు పరిమితి 25 ఎంబీ కనుక అందులో ఇమడదు. అదే ముద్రణను 128 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే గంటకు 58 ఎంబీకి తగ్గుతుంది. పదాల అర్థం చెప్పడానికి ఆ నాణ్యత సాధారణంగా సరిపోతుంది. మూలముద్రణను పరిశోధకులు తమ వద్దనే భద్రపరచుకోవాలి.

వాట్సాప్‌లో గమనించవలసిన లోపం బ్యాకప్. సంభాషణలు గూగుల్ ఖాతాలోకి గానీ ఐక్లౌడ్‌లోకి గానీ బ్యాకప్ అవుతున్నప్పుడు, ఆ ప్రతికి ఆద్యంత గుప్తీకరణ దానంతట అదే వర్తించదు. 2021 నుండి ఆ సౌకర్యం ఉన్నా, వాడేవారే సెట్టింగులలోకి వెళ్లి దానిని ఎంచుకోవాలి. పంపేవారు తమ ఫోనులో దీనిని అమర్చుకున్నా, మిత్రుని ఫోనులో అమర్చకపోతే ప్రయోజనం సగమే. ఇద్దరూ కలిసినప్పుడు మిత్రుని ఫోనులో ఈ అమరికను ఒకసారి చేసిపెట్టడం మంచిది. ఆ అమరికకు పెట్టిన పాస్‌వర్డ్‌ను మరచిపోతే బ్యాకప్ తిరిగి రాదు కనుక దానిని కాగితంపై రాసి ఇవ్వాలి.

సిగ్నల్ యాప్ గోప్యత విషయంలో మరింత పొదుపరి. వాడేవారి గురించి అది నిల్వచేసే సమాచారం చాలా తక్కువ. సందేశాలు నిర్ణీతకాలం తరువాత వాటంతట అవే తొలగిపోయే ఏర్పాటు కూడా ఉంది. అయితే ఒక్క ఫైలుకోసం మిత్రుని చేత కొత్త యాప్ వేయించడం భారమే. ఒకే వ్యక్తితో ఏళ్ల తరబడి పని ఉన్నప్పుడు ఆ శ్రమకు తగిన ఫలం ఉంటుంది.

4.2. పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్

సిద్ధాంతగ్రంథ అధ్యాయాలు, లిఖితరూపంలోకి తెచ్చిన సంభాషణలు, రాతప్రతుల ఛాయాచిత్రాలు పంపడానికి ఇది అన్నిటికంటె అనువైన పద్ధతి. ఉచితంగా లభించే లిబ్రెఆఫీస్‌లో పత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు 'సెక్యూరిటీ' విభాగంలో, తెరవడానికి ఒక పాస్‌వర్డ్ పెట్టే వీలుంది. అందుకునేవారు ఫోనులో ఫైలును తాకితే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇస్తే తెరుచుకుంటుంది. బ్యాంకు ఖాతా వివరాలను ఈ విధంగానే అందుకుంటున్నవారు చాలామంది ఉన్నారు కనుక ఇది వారికి కొత్తగా తోచదు.

తెలుగువారికి ఇందులో మరొక లాభం ఉంది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో తయారైన పత్రం, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లోగానీ ఫోనులోగానీ అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఫైలులోనే పొదిగి ఉంటాయి కనుక అక్షరాలు చెదరవు.

ఒక భేదాన్ని గుర్తించాలి. పీడీఎఫ్‌లో రెండు రకాల పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి తెరవడానికి, మరొకటి ముద్రించడాన్ని, నకలు తీయడాన్ని నిరోధించడానికి. మొదటిది ఫైలులోని పాఠాన్ని గుప్తీకరిస్తుంది. రెండవది మాత్రమే పెడితే అది చదివే సాఫ్ట్‌వేర్‌కు చేసే విన్నపం వంటిది. దానిని పాటించని సాధనాలు చాలా ఉన్నాయి కనుక దానిని రక్షణగా భావించరాదు.

4.3. క్లౌడ్ లింకు

గూగుల్ డ్రైవ్ వంటి సేవలలో లింకులు ప్రధానంగా రెండు రకాలు. పేర్కొన్న ఈమెయిల్ చిరునామాలకే పరిమితమైనది ఒకటి, లింకు ఉన్న ప్రతివారికీ తెరుచుకునేది మరొకటి. రెండవది తాళం లేని గదికి దారి చెప్పడం వంటిది. దారి తెలిసినవారంతా లోపలికి వెళ్లగలరు. గోప్యసామగ్రికి మొదటిదే వాడాలి. ఆండ్రాయిడ్ ఫోను వాడేవారికి సాధారణంగా గూగుల్ ఖాతా ఉంటుంది కనుక, ఫోనుతో ముడిపడిన ఆ చిరునామా ఏదో ముందుగా అడిగి తెలుసుకుంటే వారికి శ్రమ ఉండదు. చాలామంది వృద్ధులకు ఆ ఖాతాను పిల్లలో దుకాణదారులో తెరిచి ఉంటారు కాబట్టి చిరునామాను ఫోను సెట్టింగులలో చూసి నిర్ధారించుకోవాలి.

ఈ పద్ధతిలో ఉన్న మేలు, పని ముగిశాక అనుమతిని ఉపసంహరించుకోగలగడం. అప్పటికే దించుకున్న ప్రతికి మాత్రం ఆ ఉపసంహరణ వర్తించదు. సేవాసంస్థ ఫైలును తెరవగలదన్న పరిమితి కూడా మిగిలే ఉంటుంది. పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌ను క్లౌడ్‌లో ఉంచితే ఈ పరిమితి తొలగిపోతుంది.

4.4. తాళంచెవిని తనలో దాచుకున్న లింకు

మెగా, ప్రోటాన్ డ్రైవ్ వంటి సేవలు ఫైలును పంపేవారి పరికరంలోనే గుప్తీకరించి నిల్వచేస్తాయి. అందుకునేవారు ఖాతా లేకుండానే బ్రౌజర్‌లో దానిని తెరవవచ్చు. ఇటువంటి సేవలలో తాళంచెవిని లింకులోని హ్యాష్ గుర్తు తరువాతి భాగంలో ఉంచడం ఒక ప్రసిద్ధ పద్ధతి. బ్రౌజర్లు ఆ భాగాన్ని సర్వర్‌కు పంపవు. అందువల్ల సంస్థ వద్ద పెట్టె ఉంటుంది, చెవి ఉండదు. అయితే ఆ లింకే చెవి కనుక, దానిని ఇతరులకు పంపడమంటే చెవిని అప్పగించడమే. ఈ సంగతిని మిత్రునికి ఒక్క మాటలో చెప్పి ఉంచాలి.

ఈ తరహా సేవలలో సరళమైన ఫైర్‌ఫాక్స్ సెండ్ చరిత్ర గమనించదగినది. మొజిల్లా సంస్థ దానిని 2019 మార్చిలో అందరికీ అందించింది. హానికర సాఫ్ట్‌వేర్‌ను పంపడానికి కొందరు దానిని దుర్వినియోగం చేయడంతో 2020 జులైలో నిలిపివేసి, అదే సంవత్సరం సెప్టెంబరులో శాశ్వతంగా మూసివేసింది. దీనివలన తెలియవచ్చేదేమంటే, లింకుసేవ రవాణాకు మాత్రమే తగినది. పరిశోధనసామగ్రికి ఉన్న ఏకైక ప్రతిని అటువంటి చోట ఉంచరాదు.

4.5. గుప్తీకరించిన సంపుటి

అనేక ఫైళ్లను ఒకటిగా కట్టి పంపడానికి 7-జిప్ అనే ఉచిత సాధనం ఉపయోగపడుతుంది. ఏఈఎస్-256 పద్ధతిని ఎంచుకుంటే గుప్తీకరణ గట్టిది. పాత జిప్ పద్ధతి బలహీనమైనదని 1994లోనే నిరూపితమైంది. పైగా జిప్ రూపంలో పాస్‌వర్డ్ పెట్టినా లోపలి ఫైళ్ల పేర్లు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. ఫైలుకు సమాచారదాత పేరు, ఊరి పేరు పెట్టే అలవాటున్నవారు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 7-జెడ్ రూపంలో పేర్లను కూడా దాచవచ్చు. అయితే దానిని తెరవడానికి అందుకునేవారి వద్ద తగిన సాధనం ఉండాలి. కనుక కంప్యూటర్ వాడే సహపరిశోధకులకు ఇది తగినది. ఫోను మాత్రమే వాడే మిత్రునికి కాదు.

4.6. చేతికి చేయి

ఒకే గదిలో ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య క్విక్ షేర్, ఐఫోన్ల మధ్య ఎయిర్‌డ్రాప్ ద్వారా ఇంటర్నెట్‌లో నిల్వ లేకుండానే ఫైలును అందించవచ్చు. పెన్‌డ్రైవ్ కూడా సులభమైనదే. కాని అది పోయే వస్తువు. జిరాక్స్ దుకాణంలోని కంప్యూటర్‌కు తగిలించినప్పుడు అందులోని ఫైళ్లు అక్కడ నకలు కావచ్చు, అక్కడి వైరస్ దీనిలోకి రావచ్చు. అందుకే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే పత్రాలకు కూడా పాస్‌వర్డ్ తప్పనిసరి.

5. పాస్‌వర్డ్ ఎలా ఉండాలి? ఎలా చేరాలి?

గుప్తలేఖన వ్యవస్థలో తాళంచెవి తప్ప మిగిలినదంతా శత్రువుకు తెలిసినా రక్షణ నిలవాలని ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ 1883లో సూత్రీకరించాడు. పీడీఎఫ్ పద్ధతికి ఇది పూర్తిగా వర్తిస్తుంది. అక్కడ రక్షణ అంతా పాస్‌వర్డ్‌లోనే ఉంది. ఏటీఎంలో తప్పు పిన్ కొన్నిసార్లు కొడితే కార్డు నిలిచిపోతుంది. ఫైలు చేతికి చిక్కినవారికి అటువంటి అడ్డు లేదు. కంప్యూటర్ చేత ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. ఒక శతాబ్దంలోని పుట్టినతేదీలన్నీ కలిపి 36,525 మాత్రమే. ఆరంకెల పిన్‌కు అవకాశాలు 10 లక్షలు. ఇవి కంప్యూటర్‌కు స్వల్పసంఖ్యలు.

యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని పదాలను కలిపి పాస్‌వర్డ్‌గా వాడాలని సాధారణంగా సూచిస్తారు. తెలుగు పదాలతో దీనికి రెండు చిక్కులున్నాయి. రోమన్ లిపిలో రాస్తే వర్ణక్రమం స్థిరంగా ఉండదు. 'త'ను కొందరు 'టి' అక్షరంతో, మరికొందరు 'టి', 'హెచ్' అక్షరాలతో రాస్తారు. దీర్ఘాన్ని సూచించడంలోనూ ఏకరూపత లేదు. తెలుగులిపిలోనే రాస్తే కంటికి కనిపించని చిక్కు ఎదురవుతుంది. 'ఫేస్‌బుక్' వంటి పదంలో పొల్లు నిలవడానికి కొన్ని కీబోర్డులు ఒక అదృశ్య యూనికోడ్ గుర్తును చేరుస్తాయి. చూపుకు ఒకేలా ఉన్న రెండు పదాలు కంప్యూటర్‌కు వేరువేరు. పాస్‌వర్డ్ పెట్టెలో అక్షరాలు చుక్కలుగా మారిపోతాయి కనుక తప్పు ఎక్కడుందో మిత్రునికి తెలియదు.

ఈ కారణాల వలన పదహారు అంకెల సంఖ్య ఆచరణకు అనుకూలమైనది. అంకెలను మనసుకు తోచినట్లు రాయకుండా, సున్నా నుండి తొమ్మిది వరకు చీటీలు రాసి, తీసిన చీటీని మళ్లీ వేస్తూ పదహారుసార్లు తీయాలి. అలా వచ్చే సంఖ్యకు 10,000 లక్షల కోట్ల అవకాశాలుంటాయి. నాలుగేసి అంకెల చొప్పున నాలుగు విడతలుగా ఫోనులో చదివి వినిపిస్తే ఎవరైనా పొరపాటు లేకుండా రాసుకోగలరు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అనే గందరగోళం ఉండదు.

పాస్‌వర్డ్ ప్రయాణించే దారి ఫైలు ప్రయాణించిన దారి కారాదు. ఫైలు ఈమెయిల్‌లో వెళ్తే పాస్‌వర్డ్ ఫోనుసంభాషణలో చెప్పాలి. రెండింటినీ ఒకే ఉత్తరంలో పంపడం తాళం వేసి చెవిని దానికే తగిలించి ఉంచడం. ఫోను చేసి చెప్పడంలో మరొక ప్రయోజనం ఉంది: అవతల ఉన్నది ఆ మిత్రుడేనని గొంతు ద్వారా నిర్ధారణ అవుతుంది.

6. ఫైలులో దాగిన వివరాలు:

ఫైలు గోప్యంగా చేరినా, దానిలో పంపేవారు ఉద్దేశించని సమాచారం ఉండవచ్చు. స్థాననమోదు అమరిక పనిచేస్తున్న ఫోనుతో తీసిన ఛాయాచిత్రంలో తీసిన తేదీ, సమయంతోపాటు అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. నాణ్యత తగ్గకూడదని ఆ చిత్రాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఆ వివరాలు కూడా వెళ్తాయి. పేరు మార్చి ప్రస్తావించిన సమాచారదాత ఇల్లు ఎక్కడుందో ఆ చిత్రమే చెప్పేస్తుంది. క్షేత్రపర్యటనకు ముందే కెమెరా సెట్టింగులలో స్థాననమోదును ఆపివేయడం సులభమైన నివారణ.

వర్డ్ పత్రాల లక్షణాలలో రచయిత పేరు నమోదై ఉంటుంది. దిద్దుబాట్ల చరిత్ర, పర్యవేక్షకుల వ్యాఖ్యలు కూడా పత్రంలోనే మిగిలి ఉండవచ్చు. రచయిత పేరు తెలియకుండా జరగవలసిన సమీక్షకు పంపే వ్యాసాలలో ఇది ప్రత్యేకించి సమస్య. వర్డ్‌లోని 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' ద్వారా వీటిని తొలగించి, ఆ తరువాతనే పీడీఎఫ్‌గా మార్చాలి.

7. చట్టం, సమ్మతి:

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పునిచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. పరిశోధనకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. అయితే ఆ సమాచారం ఆధారంగా సంబంధిత వ్యక్తిపై నిర్ణయాలు తీసుకోరాదు, నిర్దేశిత ప్రమాణాలను పాటించాలి అనే షరతులకు ఆ మినహాయింపు లోబడి ఉంది.

చట్టం కంటె ముందు నిలిచేది సమ్మతి. ధ్వనిముద్రణకు అనుమతి అడిగే పరిశోధకులు ఆ ముద్రణను ఇంకెవరు వింటారో చెప్పడం అరుదు. 'పదాల అర్థం కోసం ఒక అధ్యాపకునికి వినిపిస్తాను, మరెవరికీ ఇవ్వను' అని ముందే చెప్పి, ఆ మాటను ముద్రణ మొదట్లోనే నమోదు చేస్తే అది ఉభయులకూ రక్షణ. పైన వివరించిన పద్ధతులన్నీ ఆ ఒక్క మాటను నిలబెట్టుకోవడానికే.

8. ముగింపు:

1. పంపవలసిన భాగాన్ని మాత్రమే వేరుచేసి పంపడం గోప్యతకు మొదటి మెట్టు.

2. లిఖితపత్రాలకు పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్, ధ్వనిముద్రణలకు ఆద్యంత గుప్తీకరణ ఉన్న సందేశసాధనం సాంకేతిక పరిచయం తక్కువగల మిత్రులకు అనువైనవి. రెండింటిలోనూ అందుకునేవారి శ్రమ అతిస్వల్పం.

3. 'లింకు ఉన్న ఎవరైనా' అనే అమరికను సమాచారదాతల సామగ్రికి వాడరాదు.

4. చీటీల పద్ధతిలో ఎంచిన పదహారు అంకెల పాస్‌వర్డ్‌ను ఫైలు వెళ్లిన దారిలో కాక ఫోనులో చెప్పాలి.

5. పని ముగిశాక అనుమతులను ఉపసంహరించి, అదనపు ప్రతులను తొలగించాలి. మిత్రుని ఫోనులోని ప్రతిని కూడా తొలగించమని మొహమాటం లేకుండా కోరాలి.

6. ఏ సాధనమూ అందుకున్న వ్యక్తి విచక్షణకు ప్రత్యామ్నాయం కాదు. తెరిచిన ఫైలును ఆయన మరొకరికి చూపకుండా ఏ తాళమూ ఆపలేదు. అందుకే ప్రవేశికలోని పరిశోధకురాలు ఫైలుతోపాటు పంపవలసింది మరొకటి ఉంది: ఇది ఎవరి మాట, ఏ నమ్మకంతో చెప్పిన మాట అని వివరించే రెండు వాక్యాలు. పై పద్ధతులు ఫైలును మిత్రుని చేతికి భద్రంగా చేరుస్తాయి. అక్కడినుండి దానిని కాపాడేది ఆ రెండు వాక్యాలే.